అల్లుడుగారికి మర్యాదలు

మే 9, రామచంద్రపురం

అచ్చిబాబు గారి హాల్లో కిటికీ పక్క బల్ల నాకు ఖాయమైంది. సెలవులు అయ్యేదాకా పగలంతా ఆ బల్లా, దాని మీది కంప్యూటరూ నావే.

పిన్నికి కోపం వచ్చింది. "సెలవులకి వచ్చి అద్దెబల్ల ముందు కూర్చుంటానంటావేంటే? పిల్ల చిక్కిపోయి వెళితే మీ అమ్మ నన్నంటుంది." పిన్ని మంచిదే. కానీ ఆ ఇంట్లో పని జరగదు. ఒక పక్క టీవీ, ఒక పక్క పిల్లల కొట్లాట, మధ్యలో ముంజికాయలు. ఒక వాక్యం పూర్తయ్యేలోపు నాలుగుసార్లు తినమంటారు.

హాలు ఎరువుల కొట్టు మీద మేడ. అచ్చిబాబు గారు మొదట తెలుగు టైపు మాత్రమే చేసిపెట్టేవారట. ఇప్పుడు మిగిలిన జాగాలో బల్లలు వేసి, ఇన్వర్టరు పెట్టి, ఇంటర్నెట్ తెప్పించారు. మెట్ల దగ్గర బోర్డు: "ఇచట కూర్చుని ఎవరి పని వారు చేసుకోవచ్చును." ఎంత మంచి వాక్యం! ఎవరి పని వారు.

షరతు ఒక్కటే పెట్టారు. "ఊరికే సేవ్ కొట్టకండమ్మా, డిస్కు నిండిపోద్ది. సాయంత్రం లేచేటప్పుడు ఒక్కసారి కొట్టుకుంటే చాలు."

మాకు పాఠం చెప్పే సుందరి మేడమ్ మాట ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను, బద్ధకం వచ్చినప్పుడు చదువుకోవడానికి. "జూన్ పదిహేనుకి మబ్బుల పుస్తకం మొత్తం తెలుగులో టైపయి నా చేతికి రావాలి సాయిదుర్గా. వస్తే అట్ట మీద అనువాదం అని నీ పేరొక్కటే ఉంటుంది. రాకపోతే మిగిలింది జీవరాజు చేస్తాడు, ఇద్దరి పేర్లూ వేస్తాను."

క్లాసులో నా వెనక బెంచీవాడితో అట్ట పంచుకోను.

మే 12

మూడు అధ్యాయాలు అయ్యాయి. ఇంగ్లీషు పుస్తకంలో మబ్బుల పేర్లన్నీ మందుల పేర్లలా ఉన్నాయి. పిల్లలకి అలా చెబితే పారిపోతారు. ఎత్తున సన్నగా పరుచుకునేదానికి "దువ్విన మబ్బు" అని పెట్టాను. ఆకాశమంతా కప్పేసేది "దుప్పటి మబ్బు". ఈ రెండూ నేను చేసినవే. పైకి అనుకుంటూ మెట్లు దిగాను. ఎరువుల కొట్టులో ఎవరో నన్ను చూసి నవ్వారు. నవ్వనీ.

మే 15

హాల్లోకి కొత్త మనిషి వచ్చాడు. పేరు శివరామకృష్ణ. పిన్ని వాళ్ళ పక్కింటి రత్తమ్మ గారి మనవరాలు రామతులసి అక్కకి భర్త. హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం. అక్కకి ఐదో నెలని సెలవు పెట్టి తీసుకొచ్చాడట. అత్తవారింట్లో పని జరగదని ల్యాప్‌టాప్ పట్టుకుని ఇక్కడికొచ్చాడు. అంతవరకు నాకు జాలి కూడా కలిగింది.

వచ్చీ రాగానే నా బల్ల పక్కకి బల్ల జరిపించుకున్నాడు, ఇన్వర్టరు బోర్డు అక్కడే ఉందని.

మే 17

ఇవాళ్టి సంగతి రాయాలి. రాయబుద్ధి కావడం లేదు. అయినా రాయాలి.

ఏడో అధ్యాయం వానమబ్బు గురించి. పుస్తకానికి ప్రాణం అదే, అందుకే ఆఖరిదైన ఎనిమిదోది కూడా ముందే చేసేసి దీన్ని చివరికి ఉంచుకున్నాను. ఈసారి కాగితం మీద రాసుకోకుండా నేరుగా టైపు చేద్దామనిపించింది, పెద్ద రచయితలా. పొద్దున మొదలుపెట్టాను. మాటలు వాటంతటవే వచ్చాయి. ఇంతకు ముందెప్పుడూ అలా రాలేదు. అన్నం తినలేదు. నాలుగింటికి చివరి పేరాలో ఉన్నాను.

కరెంటు పోయింది. ఇన్వర్టరు అందుకుంది. నేను ఆగలేదు కూడా. అతను లేచి, బోర్డులోంచి ఒక ప్లగ్గు పీకి, తన చార్జరు పెట్టుకున్నాడు. పీకింది నాది.

తెర నల్లగా అయిపోయింది.

"అయ్యో, ఫ్యాను ప్లగ్గు అనుకున్నానండి. సేవ్ చేసుకున్నారు కదా?"

లేదన్నాను.

"చేసుకోలేదా! అదేంటండీ, చిన్నపిల్లలు కూడా చేసుకుంటారు." మళ్ళీ తన తెర వైపు తిరిగి, టైపు చేస్తూనే అన్నాడు. "పర్లేదులెండి, మళ్ళీ కొట్టుకోవచ్చు. తెలుగే కదా."

తెలుగే కదా.

అచ్చిబాబు గారు వచ్చి కంప్యూటర్ నెత్తిన రెండు తట్టి చూశారు. ఏమీ రాలేదు. నేను ఏడవలేదు. కింద ఎరువు బస్తాలు దింపుతున్నారు, ఆ దుమ్ము కళ్ళలో పడింది.

మే 18

ప్రతీకారం పుస్తకాల మాట. కసి మన మాట. చిన్నది, పళ్ళ మధ్య పడుతుంది.

అతని ల్యాప్‌టాప్ మీద నీళ్ళు పోయొచ్చు. పోస్తే నేనని తెలిసిపోతుంది. అతన్ని తిట్టొచ్చు. తిడితే పిన్నికి మాట వస్తుంది, రత్తమ్మ గారి ఇంటికీ మనకీ గోడ ఒక్కటే. అతనికి కావలసింది ఒకటే, తెర ముందు కదలకుండా కూర్చోవడం. అదే తీసేసుకోవాలి. నా చేతికి మట్టి అంటకూడదు.

ఏడో అధ్యాయం రేపు మొదలుపెడతాను.

మే 19

ఎల్ఐసీ ఏజెంటు పల్లంరాజు గారు కూడా హాల్లోనే కూర్చుంటారు, మూల బల్ల. మనిషి కనబడితే చాలు, ఎప్పుడు పోతాడో లెక్క కట్టగలరు. మంచినీళ్ళ కుండ దగ్గర కలిశారు.

"ఆ కొత్తాయన ఎవరమ్మా?"

"రత్తమ్మ గారి మనవరాలి భర్తండి. ఈమధ్యే పెళ్ళయింది. అక్కకి ఐదో నెల. పాపం, పాలసీలేమీ లేవనుకుంటానండి."

పల్లంరాజు గారు చేతిలో గ్లాసు అక్కడే పెట్టేశారు. నీళ్ళు తాగలేదు.

మే 21

రెండు రోజులుగా పల్లంరాజు గారి కుర్చీ అతని బల్ల దగ్గరే ఉంది.

"నేను చూసుకుంటానండి, కంపెనీ వాళ్ళది ఉంది" అన్నాడతను.

"కంపెనీ ఉంటదండి, మీరుండాలిగా. ఆయ్, అపశకునం అనుకోకండి, మాట వరసకి చెప్తున్నాను. రేపు మీరు ఆ మెట్లు దిగుతూ జారారనుకోండి..."

నేను కిటికీ వైపు తిరిగి నవ్వు మింగాను. దూరంగా దువ్విన మబ్బు ఒకటి ఉంది.

టైపు చేయడం కుదరలేదు. వినాలి కదా. రేపు.

మే 23

ఇది ముందే ఎందుకు తట్టలేదో. ఈ ఊళ్ళో ఒక మనిషి పని మానాలంటే అతని మీద నలుగురికి ప్రేమ కలిగిస్తే చాలు.

సాయంత్రం అతని అత్తగారు అచ్చాయమ్మ గారు గోడ దగ్గర పూలు కోస్తున్నారు. "మీ అల్లుడుగారు ఎంత నెమ్మదస్తులండి అత్తయ్యగారూ" అన్నాను. "పొద్దున వచ్చినవారు వచ్చినట్టే ఒక్కరూ కూర్చుంటారు. మధ్యాహ్నం బిస్కట్లు తింటారు."

"బిస్కట్లా!"

"పలకరించే దిక్కు కూడా ఉండదండి, పాపం."

అచ్చాయమ్మ గారి మొహం చూడాలి. ఇంటల్లుడు ఊరి నడిమధ్య మేడ మీద ఒంటరిగా కూర్చుని బిస్కట్లు తింటున్నాడు. ఆవిడకి అంతకన్నా అప్రతిష్ఠ ఏముంటుంది? పువ్వులు సగం కోసి లోపలికి వెళ్ళిపోయారు.

నేను ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. అతను నిజంగానే బిస్కట్లు తింటాడు.

మే 24

పన్నెండున్నరకి క్యారియరు వచ్చింది. వెనకాలే అచ్చాయమ్మ గారు, విసనకర్రతో. అతను తింటుంటే పక్కన నిలబడి విసురుతూనే ఉన్నారు.

"ఇంకొక్క ముద్ద."

"చాలండి."

"చాలంటే ఊరుకునేదాన్ని కాదండి. మామిడికాయ పప్పు మా అమ్మ స్వయంగా చేసింది. ఈ మజ్జిగపులుసు ముట్టనైనా ముట్టలేదు."

తిన్నాక అతనికి నిద్ర ముంచుకొచ్చింది. తెర ముందు తల వాలి, ఉలిక్కిపడి, మళ్ళీ వాలింది. ఇంత చక్కటి దృశ్యం నేను ఈ మధ్య చూడలేదు.

మే 27

నిన్న రామతులసి అక్క మేనమామ భార్యకి చెప్పాను, అచ్చాయమ్మ గారు రోజూ క్యారియరు తెస్తున్నారని. అంతే చెప్పాను. ఇవాళ ఆవిడ పూతరేకులు పట్టుకొచ్చారు. ఆవిడ వచ్చారని తెలిసి అక్క పెత్తల్లి కాజాలు పంపారు. వాళ్ళింట్లో భోంచేశారట, మా ఇంటికి రాలేదేమని ఇంకో బాబాయి గారు హాలుకే వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. కాలవ నీళ్ళ దగ్గర మొదలుపెట్టి కొబ్బరి ధర దాకా వచ్చి, "ఇంతకీ ఆ పెట్టెలో ఏం చేస్తారండి మీరు?" అని అడిగారు. అతను చెప్పాడు. ఆయన శ్రద్ధగా విన్నారు. "అయితే చేసేదేం లేదన్నమాట. ఆదివారం మా ఇంట్లో భోజనానికి రండి."

నేను నిప్పు పెట్టాను. గాలి ఊళ్ళోవాళ్ళే వీస్తున్నారు.

మే 28

ఏడో అధ్యాయం.

(శీర్షిక టైపు చేశాను.)

మే 31

పోయిన అధ్యాయంలో ఒక వాక్యం ఉండేది. వాన పడే ముందు మబ్బు కిందకి దిగడం గురించి. "మబ్బు తన బరువు తానే" అని మొదలవుతుంది. తరవాత? పొద్దున్నుంచి అదే వెతుకుతున్నాను. అది దొరికితే మిగతాదంతా వస్తుంది. అది లేకుండా మొదలుపెట్టడం అనవసరం.

మధ్యాహ్నం అతని బల్ల మీద మిఠాయి పొట్లాలు కుప్పగా ఉన్నాయి. ఒకటి నా వైపు జరిపాడు. "మీరు తీసుకోండి, నా వల్ల కావడం లేదు." కళ్ళ కింద నలుపు. ఏదో చెప్పబోయాడు. ఇంతలో మెట్ల మీద "అల్లుడుగారండీ" అని కేక వినబడింది. నోరు మూసుకున్నాడు.

శత్రువు తిండి కాబట్టి రెండు కాజాలే తిన్నాను. తరవాత ఇంకో రెండు.

జూన్ 3

ఇతరుల మర్యాద ఇన్ని రోజులు తట్టుకున్నాడంటే గట్టివాడే. ఇవాళ అచ్చిబాబు గారిని బతిమాలుకోవడం విన్నాను.

"ఎల్లుండి నాలుగింటికి మా కంపెనీ పెద్దవాళ్ళతో ఫోన్లో మీటింగండి. గంట సేపు ఎవరినీ పైకి రానివ్వకండి. ఈ పని సరిగ్గా చూపిస్తేనే తులసి సీమంతం దాకా ఇక్కడుండనిస్తారు. లేకపోతే వచ్చెయ్యమంటున్నారు."

"అలాగేనండి. నేను మెట్ల మీదే కూర్చుంటాను, చీమని కూడా రానివ్వను."

అచ్చిబాబు గారు ఎవరినైనా ఆపగలరు. ఎవర్ని ఆపలేరు?

జూన్ 4

రత్తమ్మ గారిని ఎవరూ ఆపలేరు. ఊళ్ళో సగం మంది ఆవిడ చేతి అన్నం తిన్నవాళ్ళే.

ఆవిడ వరండాలో చింతపండు గింజలు తీస్తున్నారు. పక్కన కూర్చుని నేనూ నాలుగు గింజలు తీశాను.

"మామ్మగారూ, రేపు మీ మనవడుగారి పుట్టినరోజటండి."

"అయ్యో నాతల్లీ! ఆ పిల్లాడు చెప్పనే లేదే!"

"మొహమాటం కదండి. రేపు సాయంత్రం నాలుగింటికే పుట్టారట. ఆ వేళకి ఎవరైనా అక్షింతలు వేస్తే బాగుండునని అనుకుంటున్నారు. నేను చెప్పానని అనకండి."

ఇది అబద్ధమే. రాసుకుంటున్నాను. అయినా అతను నాకు చేసినదాంతో పోలిస్తే ఇది ఏపాటి? నాది రోజంతా పోయింది. అతనిది గంట.

జూన్ 5

జరిగింది.

అతను చెవిలో వైరు పెట్టుకుని ఇంగ్లీషులో మాట్లాడుతున్నాడు. గొంతు మారిపోయింది, బడిలో పద్యం అప్పజెప్పే పిల్లాడిలా ఉన్నాడు. నేను నా తెర ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

మెట్ల మీద అచ్చిబాబు గారి గొంతు. "మామ్మగారూ, ఇప్పుడు కాదండి, మామ్మగారూ..." ఆపైన గొంతు లేదు.

ముందు రత్తమ్మ గారు, మోకాలు పట్టుకుని ఒక్కొక్క మెట్టే ఎక్కుతూ. వెనక అచ్చాయమ్మ గారు, అక్షింతల పళ్ళెంతో. వాళ్ళ వెనక మిగతావాళ్ళు. హారతి కూడా తెచ్చారు. రామతులసి అక్క చివరన ఉంది. వచ్చినవాళ్ళలో ఇది అతని పుట్టినరోజు కాదని తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. ఏదో చెబుతోంది, ఎవరూ వినడం లేదు.

రత్తమ్మ గారు తిన్నగా వెళ్ళి అతని నెత్తిన అక్షింతలు వేశారు. "నూరేళ్ళు చల్లగా ఉండు నాయనా." చెంచాడు పరవాన్నం నోటి దగ్గర పెట్టారు. అతను ఫోను చేత్తో మూసి, తల పక్కకి తిప్పుకున్నాడు. ఆవిడ చెంచా అటు తిప్పారు. పరవాన్నం ల్యాప్‌టాప్ మీద పడింది.

"బయటికి వెళ్ళండి! అందరూ! ఒక్క గంట నన్ను వదలరా మీరు?"

అంత గొంతు అతనికి ఉందని నాకు తెలియదు. హారతి ఆరిపోయింది. చెంచా ఇంకా రత్తమ్మ గారి చేతిలో గాలిలోనే ఉంది.

ఆవిడ నా వైపు తిరిగారు. "ఈ పిల్లే చెప్పింది కదా, నాలుగింటికని..."

అతను నన్ను చూశాడు. ఫోన్లో ఎవరో అతని పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నారు.

నేను అనుకున్నది అనుకున్నట్టు జరిగింది. ఎక్కడా తేడా రాలేదు.

జూన్ 6

గెలిచాను.

అతన్ని వెంటనే వచ్చెయ్యమన్నారట. సాయంత్రం బస్సు. పొద్దున్నే రత్తమ్మ గారి కాళ్ళు పట్టుకున్నాడని పిన్ని చెప్పింది. ఆవిడ అతని తల నిమిరారట. రామతులసి అక్క గదిలోంచి రాలేదట.

మధ్యాహ్నం హాలుకి వచ్చాడు, సామాను తీసుకోవడానికి. నేను తెర వైపే చూస్తున్నాను.

"నా పుట్టినరోజు డిసెంబరులోనండి" అన్నాడు.

నేను కీబోర్డు మీద దుమ్ము తుడిచాను.

"మీ పుస్తకం అయిందా?"

"అయిపోయింది."

"మంచిదండి." సంచీ జిప్పు వేసుకున్నాడు. "ఆ రోజు మీకు సారీ చెప్పలేదు. పనిలో ఏదో వాగేశాను. తరవాత చెబుదామంటే ఎప్పుడూ చుట్టూ జనమేనండి. ఒక్క నిమిషం ఖాళీ దొరకలేదు."

మెట్లు దిగిపోయాడు. పల్లంరాజు గారు కుర్చీని మళ్ళీ మూల బల్ల దగ్గరికి ఈడ్చుకున్నారు.

మాటలు. మాటలదేముంది, ఎవరైనా చెబుతారు.

జూన్ 7

రత్తమ్మ గారు వరండాలోకి రాలేదు.

జూన్ 8

హాలంతా నిశ్శబ్దంగా ఉంది. కిటికీ బల్ల నాది, బోర్డు నాది, రెండు ప్లగ్గులూ నావే. ఎవరూ పైకి రావడం లేదు. ఎవరి పని వారు చేసుకోవచ్చు.

"మబ్బు తన బరువు తానే." మోసుకుంటూనా? మోయలేకనా? రెండూ కావు. అది ఇంకా బాగుండేది. మొదటి అధ్యాయంలో కామాలు సరిచేశాను.

రత్తమ్మ గారు రాలేదు.

జూన్ 10

పిన్ని రసం గిన్నె ఇచ్చి పక్కింటికి పంపింది. వెళ్ళక తప్పలేదు.

మంచం మీద ఉన్నారు. మోకాలు కొబ్బరిబోండంలా వాచింది. ఆ మెట్లు ఎక్కినప్పటి నుంచీ అంతేనట. నన్ను చూసి లేవబోయారు.

"రా తల్లీ. నువ్వు చెప్పబట్టి సరిపోయింది గానీ, లేకపోతే పిల్లాడి పుట్టినరోజు పూట వట్టినే పోయేది. తులసి కాదంటది. దానికేం తెలుసు, పెళ్ళయి ఏడాది కాలేదు. అరిచాడని ఏమీ అనుకోకు. పనిలో ఉన్నాడు. నెత్తిన నాలుగు గింజలు పడ్డాయిగా, అది చాలు."

పక్కగదిలో తలుపు వేసిన చప్పుడు. అక్క అనుకుంటాను.

మంచినీళ్ళు కావాలంటే ఇచ్చాను. కాసేపు కాళ్ళు పట్టాను. చెప్పాల్సింది ఏమైనా ఉందా అని ఆలోచించాను. ఏమీ తోచలేదు. ఆవిడ సంతోషంగానే ఉన్నారు కదా.

జూన్ 13

రాయడానికి కూర్చుంటే ఏది రాసినా పోయినదాని కన్నా తక్కువగానే ఉంటోంది. పోయిన అధ్యాయం రోజురోజుకీ ఇంకా బాగుంటోంది. దీనికంతటికీ అతనే కారణం.

జూన్ 15, రాజమండ్రి

మేడమ్ ఇంటికి వెళ్ళాను. కట్ట విప్పి చూశారు. "ఆరు తరవాత ఎనిమిది ఉందేంటి?"

అంతా చెప్పాను. కరెంటు పోవడం, ప్లగ్గు పీకడం, తెలుగే కదా అనడం. మేడమ్ నిజంగా బాధపడ్డారు. "అయ్యో. ఎప్పుడు జరిగిందిది?"

"మే పదిహేడున మేడమ్."

ఆవిడ గోడ మీది క్యాలెండరు వైపు చూశారు. నన్ను చూశారు. "ఆ అధ్యాయం చేయడానికి మొదటిసారి ఎంత పట్టింది?"

"ఒక్క రోజు మేడమ్."

కాఫీ ఇచ్చారు. నేను తాగుతుండగానే జీవరాజు వాళ్ళింటికి ఫోన్ చేశారు.

జూన్ 22

అట్ట నమూనా వచ్చింది. నీలం రంగు మీద తెల్ల మబ్బు. కింద ఇద్దరి పేర్లు. అక్షరక్రమం ప్రకారం జీవరాజు పేరు ముందు.

మేడమ్ వాడు చేసిన ఏడో అధ్యాయం నా చేతికిచ్చి, తప్పులుంటే దిద్దమన్నారు. ఎర్ర కలం కొత్తది కొన్నాను. దిద్దడం అంటే ఏంటో చూపిస్తానని మనసులో అనుకున్నాను.

గోదావరి గట్టున కూర్చుని చదివాను. వాడు దుప్పటి మబ్బు అన్న నా మాటని అలాగే ఉంచి, నాలుగుచోట్ల వాడుకున్నాడు. వాన పడే ముందు మబ్బు కిందకి దిగే చోట ఇలా రాశాడు: "ఇచ్చేయాల్సింది చాలా ఉన్నప్పుడు మబ్బు కిందకి వంగుతుంది, మామ్మ వడ్డించడానికి వంగినట్టు."

నాది దీనికన్నా బాగుండేది. ఖచ్చితంగా బాగుండేది.

మొత్తం రెండుసార్లు చదివాను. ఒక్క తప్పు కూడా దొరకలేదు. రేపు మళ్ళీ చూస్తాను.